వీడియో, ఆడియోని కోడ్‌తో ముందుకీ వెనక్కీ జరపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊళ్ళో ఒకాయన దగ్గర పాత హరికథల క్యాసెట్లు అట్టపెట్టె నిండా ఉంటే వాటన్నిటినీ ఎమ్‌పీ3లు చేసి ఒక చిన్న సైట్‌లో పెట్టా, ఒక్కో కథ రెండు మూడు గంటలు. పెట్టిన వారానికే “ధనుర్భంగం దగ్గర్నుంచి వినిపించేలా లింక్ ఇవ్వు బాబూ” అని ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. ఆ పని చేస్తూ పడ్డ తిప్పలు ఒకరిద్దరికి చెప్పా, ఇక అప్పట్నుంచి వెబ్ నేర్చుకుంటున్న కుర్రాళ్ళు, ఆఫీసులో ప్లేయర్ పని నెత్తిన పడ్డవాళ్ళు అవే డౌట్లు తిప్పి తిప్పి అడుగుతున్నారు. ప్రతిసారీ టైప్ చెయ్యలేక అన్నీ ఒకచోట పెట్టేశా. ఒక మాట ముందే చెప్తున్నా, పొజిషన్ మార్చడం ఒక్క లైన్ పని. అది పని చెయ్యట్లేదంటే ఆ లైన్‌ని పట్టుకుని రాత్రంతా కూర్చోకండి, చాలాసార్లు లోపం ఫైల్లోనో సర్వర్లోనో ఉంటుంది.

కోడ్ పేర్లు కూడా చదువుకోడానికి తెలుగులోనే రాశా. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా కూడా చూస్కోవాలి. కరెంట్‌టైమ్‌లో ‘టైమ్’ మొదటి అక్షరం పెద్దది, లోడెడ్‌మెటాడేటా మాత్రం మొత్తం చిన్న అక్షరాలే. ఇక్కడ తప్పితే ఎర్రర్ కూడా రాదు, ఏమీ జరగదు అంతే.

## మొదలుపెట్టేటప్పుడు

వీడియోని 1:30 దగ్గరికి దూకించాలి, ఏం రాయాలి?

వీడియో ఎలిమెంట్‌ని పట్టుకుని `వీడియో.కరెంట్‌టైమ్ = 90` అని రాస్తే చాలు. లెక్క ఎప్పుడూ సెకన్లలోనే, 90.5 లాంటివి కూడా ఇవ్వొచ్చు. అదే ప్రాపర్టీని చదివితే ఇప్పుడు ఎక్కడుందో చెప్తుంది. ఆడియో ట్యాగ్‌కి కూడా ఇదే, ఎందుకంటే రెండూ ఒకే మీడియా ఎలిమెంట్ కుటుంబం. సున్నా కంటే తక్కువ ఇస్తే మొదటికి పోతుంది, మొత్తం నిడివి కంటే ఎక్కువిస్తే చివరికి పోయి కూర్చుంటుంది.

పది సెకన్లు ముందుకి జరపాలంటే `+= 10`. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. ఆ పదిని ఇన్‌పుట్ బాక్స్ నుంచి తీసుకుంటే అది అంకె కాదు, స్ట్రింగు. 30 దగ్గరున్న వీడియోకి స్ట్రింగ్ 10 కలిపితే 40 రాదు, పక్కపక్కన అతుక్కుని 3010 అవుతుంది, వీడియో నేరుగా చివరికి పోతుంది. “పది సెకన్లు నొక్కితే వీడియో అయిపోతోంది” అని వచ్చేవాళ్ళ కోడ్ చూస్తే దాదాపు ఇదే ఉంటుంది. నంబర్‌గా మార్చి కలపండి.

పేజీ ఓపెన్ అవ్వగానే కరెంట్‌టైమ్ పెట్టా, అయినా సున్నా నుంచే మొదలవుతోంది ఎందుకు?

ఆ క్షణానికి బ్రౌజర్‌కి ఫైల్ గురించి ఏమీ తెలీదు, ఎంత పొడుగో కూడా తెలీదు. రెడీస్టేట్ అని ఒక ప్రాపర్టీ ఉంటుంది, 0 అంటే చేతిలో ఏమీ లేదు, 1 అంటే నిడివి లాంటి వివరాలు వచ్చాయి, అలా 4 దాకా. స్టాండర్డ్ ప్రకారం 0లో ఉన్నప్పుడు మీరిచ్చిన టైమ్‌ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుని తర్వాత అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, కానీ ఫోన్లలో దీన్ని నమ్ముకుని నేను ఒకటికి రెండుసార్లు బోల్తా పడ్డా.

అందుకని ముందు రెడీస్టేట్ 1 లేదా అంతకంటే ఎక్కువుందా చూడండి, ఉంటే అప్పుడే జరిపేయండి, లేకపోతే లోడెడ్‌మెటాడేటా ఈవెంట్ కోసం ఆగి అందులో జరపండి. ఈవెంట్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే, ఫైల్ క్యాష్‌లో ఉన్నప్పుడు మీరు వినడం మొదలుపెట్టేలోపే అది వచ్చి వెళ్ళిపోయి ఉండొచ్చు, అప్పుడు ఎంతసేపు ఎదురుచూసినా మళ్ళీ రాదు.

డ్యూరేషన్ అడిగితే నాన్ అని వస్తోంది, అంటే ఏంటి?

తినే నాన్ కాదు, “ఇది అంకె కాదు” అని. ఫైల్ వివరాలు ఇంకా రాలేదు కాబట్టి నిడివి తెలీదని అర్థం, లోడెడ్‌మెటాడేటా తర్వాత అడగండి. ఒక్కోసారి ఇన్ఫినిటీ అని కూడా వస్తుంది, అది లైవ్ స్ట్రీమ్ అయినా అయ్యుండాలి, బ్రౌజర్‌లోనే రికార్డ్ చేసిన ఫైల్ అయినా అయ్యుండాలి. స్లైడర్‌కి మాక్స్ పెట్టేముందు ఈజ్‌ఫైనైట్‌తో ఒకసారి చెక్ చేస్తే రెండు కేసులూ దొరికిపోతాయి.

జావాస్క్రిప్ట్ లేకుండా లింక్‌లోనే టైమ్ ఇచ్చే దారి ఉందా?

ఉంది. ఫైల్ అడ్రస్ చివర హ్యాష్ గుర్తు, చిన్న టీ అక్షరం, ఈక్వల్, 90 అని పెడితే వీడియో 90 దగ్గర మొదలవుతుంది. 90 తర్వాత కామా పెట్టి 120 అంటే 120 దగ్గర ఆగుతుంది. దీన్ని మీడియా ఫ్రాగ్మెంట్స్ అంటారు, 2012 నుంచి డబ్ల్యూ3సీ స్టాండర్డ్.

అందరూ పొరబడేది ఎక్కడంటే, ఈ హ్యాష్ ముక్క వీడియో ట్యాగ్ ఎస్‌ఆర్‌సీలో ఉండే ఫైల్ అడ్రస్‌కి పెట్టాలి, మీ పేజీ అడ్రస్‌కి పెడితే వీడియోకి ఏమీ తెలీదు. పేజీ లింక్‌లోనే టైమ్ పంపించుకోవాలంటే (వాట్సాప్‌లో అందరికీ కావాల్సింది అదే కదా) పేజీ తెరుచుకున్నాక ఆ అడ్రస్ నుంచి అంకెని యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారమ్స్‌తో తీసి కరెంట్‌టైమ్‌కి మీరే ఇవ్వాలి. నాలుగు లైన్లు.

ప్లే ఉంది, పాజ్ ఉంది, స్టాప్ ఎందుకు లేదు?

లేదంతే. పాజ్ చేసి కరెంట్‌టైమ్‌ని 0 చెయ్యండి, అదే స్టాప్.

## జరిపినా జరగనప్పుడు

లోకల్ సర్వర్‌లో పెడితే క్రోమ్‌లో ఎక్కడ నొక్కినా మొదటికే వచ్చేస్తోంది, కానీ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేస్తే బాగానే ఆడుతోంది. నా కోడ్‌లో తప్పేంటి?

కోడ్‌లో తప్పు లేదు. ఈ ప్రశ్న లెక్కలేనన్ని సార్లు విన్నా, అందుకే కాస్త వివరంగా చెప్తా.

మధ్యలోకి దూకినప్పుడు బ్రౌజర్ మొదట్నుంచీ డౌన్‌లోడ్ చెయ్యదు, “ఇన్నో బైట్ నుంచి పంపు” అని సర్వర్‌ని అడుగుతుంది. దీన్నే రేంజ్ రిక్వెస్ట్ అంటారు. సర్వర్‌కి ఆ భాష వస్తే 206 అనే స్టేటస్‌తో ఆ ముక్క ఒక్కటే పంపుతుంది. రాకపోతే 200 అని చెప్పి మొత్తం ఫైల్‌ని మళ్ళీ మొదట్నుంచి పంపుతుంది. నూటయాభయ్యో బస్తా ఒక్కటీ దింపరా అంటే లారీ మొత్తం మొదటి బస్తా నుంచి దింపడం మొదలుపెట్టినట్టు. అప్పుడు క్రోమ్ ఇది సీక్ అయ్యే (అంటే కోరిన చోటుకి దూకనిచ్చే) ఫైల్ కాదు అనుకుని సున్నాకి తెచ్చేస్తుంది.

పైథాన్‌తో పాటు వచ్చే హెచ్‌టీటీపీ.సర్వర్ మాడ్యూల్‌కి రేంజ్ రాదు, మనలో సగం మంది ట్యుటోరియల్ చూసి పెట్టుకునేది అదే. మీదీ అదే కేసో కాదో తెలుసుకోడానికి డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి వీడియో ఫైల్ లైన్ చూడండి, 206 ఉంటే సర్వర్ ఓకే, 200 ఉంటే దొంగ దొరికినట్టే. ఇంజిన్‌ఎక్స్, అపాచీ లాంటివి మామూలు ఫైళ్ళకి రేంజ్ వాటంతట అవే ఇస్తాయి. కానీ లాగిన్ చెక్ కోసమని ఫైల్‌ని పీహెచ్‌పీ స్క్రిప్ట్ ద్వారా రీడ్‌ఫైల్‌తో పంపిస్తుంటే, ఆ రేంజ్ పనంతా మీ స్క్రిప్టే చెయ్యాలి, అది రాయనన్నాళ్ళూ సీక్ అవ్వదు.

సర్వర్ మీద మీకు చెయ్యి లేకపోతే, ఫైల్ చిన్నదైతే ఒక అడ్డదారి ఉంది. ఫెచ్‌తో మొత్తం తెచ్చి బ్లాబ్ (మెమరీలో ఉండే ఫైల్ ముద్ద) చేసి దానికి ఆబ్జెక్ట్ యూఆర్‌ఎల్ తయారుచేసి ఎస్‌ఆర్‌సీలో పెడితే ఫైల్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి ఎక్కడికైనా జరుగుతుంది. 5 ఎంబీ పాటకి బాగుంటుంది, 500 ఎంబీ క్లాసుకి చెయ్యకండి.

ఆండ్రాయిడ్‌లో ఆడుతోంది, ఐఫోన్‌లో జరపడం అటుంచి అసలు మొదలే అవ్వట్లేదు?

సఫారీ ముందుగా మొదటి రెండు బైట్లు మాత్రమే అడిగి చూస్తుంది, సర్వర్‌కి రేంజ్ వచ్చో రాదో పరీక్ష అన్నమాట. 206తో సరిగ్గా రెండే బైట్లు వస్తే ముందుకెళ్తుంది, లేకపోతే ఆడను పొమ్మంటుంది. క్రోమ్ అయితే సీక్ లేకుండానైనా సర్దుకుపోతుంది, అందుకే ఆండ్రాయిడ్‌లో మీకు తెలీలేదు. సర్వర్ వైపు రేంజ్ సపోర్ట్, కంటెంట్‌రేంజ్ హెడర్, కంటెంట్‌టైప్ ఈ మూడూ సరిచూడండి.

ఆఫ్‌లైన్ కోసం సర్వీస్ వర్కర్ పెట్టా, అప్పట్నుంచి ముందుకి జరగడం మానేసింది

బ్రౌజర్ ముక్క అడుగుతుంటే మీ సర్వీస్ వర్కర్ (పేజీకీ నెట్‌కీ మధ్య కూర్చునే స్క్రిప్ట్) క్యాష్‌లో ఉన్న ఫైల్ మొత్తాన్ని 200తో చేతిలో పెడుతోంది. పోనీ ముక్కల్నే క్యాష్‌లో దాద్దామంటే క్యాష్ ఏపీఐ 206 రెస్పాన్సులని తీసుకోదు, పుట్ చేస్తే ఎర్రర్ విసురుతుంది. కాబట్టి మొత్తం ఫైల్‌నే దాచి, రిక్వెస్ట్‌లో రేంజ్ హెడర్ కనిపించినప్పుడు బ్లాబ్‌ని స్లైస్ చేసి కొత్త 206 రెస్పాన్స్ మీరే తయారుచేసి ఇవ్వాలి. వర్క్‌బాక్స్ వాడుతుంటే దీనికోసం రేంజ్ రిక్వెస్ట్స్ ప్లగిన్ రెడీగా ఉంది, చేత్తో రాయడం కంటే అదే నయం.

ఎమ్‌పీ4 పెద్దది, నెట్ బాగానే ఉన్నా మొదలవ్వడానికే చాలా టైమ్ పడుతోంది

ఎమ్‌పీ4 లోపల మూవ్ అనే ఒక డబ్బా ఉంటుంది, ఏ ఫ్రేమ్ ఏ బైట్ దగ్గరుందో రాసిన విషయసూచిక అది. చాలా రికార్డర్లు, ఎడిటర్లు దాన్ని ఫైల్ చివర పెడతాయి, రికార్డింగ్ అయ్యాకే కదా సూచిక తెలిసేది. అది చదవందే బ్రౌజర్ ఏమీ ఆడలేదు, ఎక్కడికీ దూకలేదు. రేంజ్ తెలిసిన సర్వరైతే చివరికెళ్ళి తెచ్చుకుంటుంది, తెలీని సర్వరైతే ఫైల్ అంతా దిగేదాకా కాపలా కాయాల్సిందే. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే కమాండ్‌లైన్ కన్వర్టర్‌లో కోడెక్‌ని కాపీ మోడ్‌లో పెట్టి మూవ్‌ఫ్లాగ్స్‌కి ఫాస్ట్‌స్టార్ట్ ఇస్తే ఆ డబ్బా ముందుకొస్తుంది. మళ్ళీ ఎన్‌కోడ్ అవ్వదు, క్వాలిటీ ఏమీ పోదు.

ఎమ్‌పీ3లో 40 నిమిషాలకి పంపిస్తే ఇంకెక్కడి మాటో వినిపిస్తోంది

ఇది నన్ను రెండు ఆదివారాలు తినేసింది. హరికథలో ఘట్టాల టైమ్‌లు ఒక పుస్తకంలో రాసుకుని మరీ లింకులు పెట్టా, తీరా నొక్కితే ధనుర్భంగానికి బదులు మధ్యలో హార్మోనియం సాగుతోంది. కంప్యూటర్‌లో వేరే ప్లేయర్‌లో కరెక్టుగా ఉంది, బ్రౌజర్‌లో తేడా, అందులోనూ ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కో తేడా.

కారణం వీబీఆర్, అంటే సెకను సెకనుకీ బిట్‌రేట్ మారే ఎమ్‌పీ3. అన్ని సెకన్లూ ఒకే సైజు అయితే 40వ నిమిషం ఏ బైట్ దగ్గరుందో గుణించి చెప్పేయొచ్చు, మారుతుంటే అంచనానే గతి. సాయంగా క్సింగ్ హెడర్ అని ఒకటి ఉంటుంది, అందులో ఫైల్ మొత్తానికి 100 గుర్తులే ఉంటాయి. మూడు గంటల ఫైల్ అంటే 10,800 సెకన్లు, గుర్తుకీ గుర్తుకీ మధ్య 108 సెకన్లు, ఆ మధ్యలోదంతా ఉజ్జాయింపే. మూడు నిమిషాల పాటలో ఎవరికీ తెలీదు, మూడు గంటల కథలో బయటపడిపోతుంది.

మందు ఏంటంటే సీబీఆర్‌గా, అంటే స్థిరమైన బిట్‌రేట్‌తో మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యడం, లేదా ఎమ్‌4ఏ చెయ్యడం, దానికి సరైన సూచిక పట్టిక ఉంటుంది. మాటలకి మోనోలో 64 కేబీపీఎస్ చాలు, గంటకి 29 ఎంబీ లోపే వస్తుంది. నేను అన్నీ సీబీఆర్ చేసేశాక పుస్తకంలో టైమ్‌లు మళ్ళీ ముట్టుకోలేదు.

బ్రౌజర్‌లోనే మీడియారికార్డర్‌తో రికార్డ్ చేసిన క్లిప్ ఆడుతోంది కానీ బార్ కదలట్లేదు, నిడివి ఇన్ఫినిటీ అంటోంది

రికార్డర్ ఫైల్‌ని పుట్టినదాన్ని పుట్టినట్టు బయటికి పంపిస్తుంది, ఎప్పుడాగుతుందో ముందే తెలీదు కాబట్టి వెబ్‌ఎమ్ హెడర్‌లో నిడివి రాయదు. ఒక నాటు వైద్యం ఉంది: వివరాలు లోడ్ అవ్వగానే కరెంట్‌టైమ్‌కి ఏదో కోట్లలో అంకె ఇచ్చేయండి, బ్రౌజర్ చివరిదాకా వెతుక్కుంటూ పోయి అసలు నిడివి కనుక్కుంటుంది, డ్యూరేషన్‌చేంజ్ ఈవెంట్ రాగానే మళ్ళీ 0కి తెచ్చేయండి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ పని చేస్తుంది. సర్వర్‌కి అప్‌లోడ్ చేసే ఫైల్ అయితే అక్కడే ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్‌తో ఒకసారి రీమక్స్ చెయ్యడం (మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యకుండా కొత్త డబ్బాలోకి సర్దడం) మర్యాదైన పద్ధతి.

సీక్ చేసిన ప్రతిసారీ బొమ్మ కాసేపు బిగుసుకుపోయి తర్వాత కదులుతోంది

వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. కీఫ్రేమ్ ఒక్కటే పూర్తిది, మిగతావన్నీ పక్క ఫ్రేముల కంటే ఏం మారిందో చెప్పేవి. మీరు మధ్యలో దూకితే బ్రౌజర్ వెనకున్న కీఫ్రేమ్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి మీ చోటుదాకా డీకోడ్ చేసుకుంటూ రావాలి. ఎక్స్264 ఎన్‌కోడర్ ఏమీ చెప్పకపోతే కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా వెళ్ళనిస్తుంది, 25 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 25 ఫ్రేములు) వీడియోలో అది 10 సెకన్లు. బ్లాక్‌బోర్డ్ మీద మెల్లగా రాసే క్లాసు వీడియోల్లో సీన్ కట్ అవ్వదు కాబట్టి కీఫ్రేముల మధ్య నిజంగానే పదేసి సెకన్ల ఎడం పడుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్‌లో జీ ఆప్షన్‌కి 50 ఇస్తే రెండు సెకన్లకొకటి వస్తుంది, ఫైల్ కొంచెం పెరుగుతుంది.

ఖచ్చితమైన చోటు అక్కర్లేదు, దగ్గర్లో ఎక్కడైనా చాలు అంటే ఫాస్ట్‌సీక్ అని ఒక మెథడ్ ఉంది, దగ్గరి కీఫ్రేమ్‌కి పోతుంది. సఫారీ, ఫైర్‌ఫాక్స్‌లో ఉంది, క్రోమ్‌లో లేదు, కాబట్టి ఉందో లేదో చూసి పిలవండి.

## సొంత సీక్‌బార్ కట్టేటప్పుడు

స్లైడర్ లాగుతుంటే చేతిలోంచి జారి వెనక్కి దూకుతోంది

మీరు ఒకవైపు లాగుతుంటే, ఆడుతున్నంతసేపూ మాటిమాటికీ వచ్చే టైమ్‌అప్‌డేట్ ఈవెంట్ వచ్చి స్లైడర్‌ని వీడియో ఉన్నచోటుకి లాగుతోంది, ఇద్దరు ఒక తాడు. లాగడం మొదలైనప్పుడు “లాగుతున్నా” అని ఒక ఫ్లాగ్ పెట్టి, అది ఉన్నంతసేపూ టైమ్‌అప్‌డేట్‌లో స్లైడర్‌ని ముట్టుకోకండి. రేంజ్ ఇన్‌పుట్‌లో వేలు కదిలిన ప్రతిసారీ ఇన్‌పుట్ ఈవెంట్ వస్తుంది, వదిలినప్పుడు చేంజ్ వస్తుంది. ఇన్‌పుట్‌లో టైమ్ అంకె మాత్రం చూపించి, అసలు సీక్ చేంజ్‌లో చెయ్యడం నెమ్మది నెట్‌కి క్షేమం. లాగుతుండగానే బొమ్మ మారాలంటే, సీకింగ్ ప్రాపర్టీ ట్రూగా ఉన్నంతసేపూ కొత్త సీక్ పంపకుండా చివరి అంకెని దాచిపెట్టుకుని సీక్డ్ ఈవెంట్ వచ్చాక అది ఇవ్వండి.

ఇంకో చిన్నది, రేంజ్ ఇన్‌పుట్‌కి స్టెప్ ఏమీ ఇవ్వకపోతే 1, మాక్స్ ఇవ్వకపోతే 100. స్టెప్‌కి ‘ఎనీ’ అని, మాక్స్‌కి డ్యూరేషన్ అని పెట్టండి.

టైమ్‌అప్‌డేట్ మరీ నెమ్మదిగా వస్తోంది, బార్ కుదుపులతో కదులుతోంది

అది అలాగే వస్తుంది, స్టాండర్డ్‌లో 15 నుంచి 250 మిల్లీసెకన్లకి ఒకసారి అని వదిలేశారు, ప్రాక్టీస్‌లో సెకనుకి నాలుగైదుసార్లు అనుకోండి. నున్నగా కదలాలంటే ఆడుతున్నంతసేపూ రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ లూప్‌లో కరెంట్‌టైమ్ చదవండి, పాజ్‌లో లూప్ ఆపేయండి. ట్యాబ్ వెనక్కి పోతే ఆ లూప్ ఆగిపోతుంది, పాట మాత్రం ఆడుతూనే ఉంటుంది, కాబట్టి లెక్కలు దాచుకోవడం లాంటి ముఖ్యమైన పనులు ఆ లూప్‌లో పెట్టకండి.

ఎంతవరకు లోడ్ అయిందో బూడిద రంగులో చూపించేది ఎలా?

బఫర్డ్ అనే ప్రాపర్టీలో ఉంటుంది, కానీ అది ఒక అంకె కాదు, ముక్కల జాబితా. జనం అక్కడక్కడా దూకుతారు కాబట్టి 0 నుంచి 40 ఒక ముక్క, 300 నుంచి 350 ఇంకో ముక్క ఉండొచ్చు. లెంగ్త్ చూసి, స్టార్ట్, ఎండ్ అనే మెథడ్స్‌కి నంబర్ ఇచ్చి అడగాలి. ఒక్క బూడిద గీతే చాలనుకుంటే ఇప్పటి కరెంట్‌టైమ్ ఏ ముక్కలో ఉందో వెతికి దాని ఎండ్ చూపించండి. లెంగ్త్ సున్నా ఉన్నప్పుడు అడిగితే ఎర్రర్ వస్తుంది.

పాట నడుస్తుంటే ఆ చరణం హైలైట్ అవ్వాలి, టైమ్‌అప్‌డేట్‌లో పెద్ద ఇఫ్-ఎల్స్ రాయాలా?

వద్దు. వెబ్‌వీటీటీ ఫైల్‌లో ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి, ట్రాక్ ఎలిమెంట్‌గా కైండ్ మెటాడేటా అని పెట్టి, మోడ్‌ని హిడెన్ చేసి క్యూచేంజ్ ఈవెంట్ వినండి. యూజర్ ఎక్కడికి దూకినా యాక్టివ్‌క్యూస్‌లో అప్పుడు నడుస్తున్న ముక్క బ్రౌజరే చేతికిస్తుంది. చరణం మీద నొక్కితే అక్కడికెళ్ళాలంటే ఆ ముక్క (దాన్నే క్యూ అంటారు) స్టార్ట్‌టైమ్‌ని కరెంట్‌టైమ్‌కి ఇవ్వడమే.

సంగీతం ప్రాక్టీస్ కోసం ఒక ముక్కే మళ్ళీ మళ్ళీ తిరగాలి, కానీ ప్రతిసారీ తర్వాతి స్వరం కొంచెం వినిపించేస్తోంది

టైమ్‌అప్‌డేట్‌లో “ముక్క చివర దాటితే ముక్క మొదటికి పో” అని రాసుంటారు, ఆ ఈవెంట్ పావు సెకను ఆలస్యంగా రావచ్చు, ఆ పావు సెకనే మీ చెవిన పడుతోంది. యానిమేషన్ ఫ్రేమ్ లూప్‌లో చెక్ చేస్తే బాగా తగ్గుతుంది కానీ వెనక్కి దూకేటప్పుడు చిన్న ఖాళీ మిగులుతుంది. తాళం తప్పకూడదంటే వెబ్ ఆడియోకి పోవాలి: ఫైల్‌ని డీకోడ్ చేసి బఫర్ సోర్స్‌లో పెట్టి లూప్ ట్రూ చేసి లూప్‌స్టార్ట్, లూప్‌ఎండ్ ఇస్తే అతుకు తెలీకుండా తిరుగుతుంది.

అక్కడ రెండు తేడాలు. ఆడియోకాంటెక్స్ట్‌కి కూడా కరెంట్‌టైమ్ ఉంటుంది కానీ అది గడియారం, చదవడమే తప్ప మార్చలేరు, చోటు మార్చాలంటే పాత సోర్స్ ఆపేసి కొత్త సోర్స్ చేసి స్టార్ట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ఆఫ్‌సెట్ ఇవ్వాలి. రెండోది మెమరీ. డీకోడ్ అయ్యాక గంట స్టీరియో, 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 4 బైట్లు, లెక్కేస్తే 1.27 జీబీ. ఒక కీర్తనకి ఓకే, కచేరీ మొత్తానికి ఫోన్ దండం పెట్టేస్తుంది.

## ఫోన్లు, యూట్యూబ్, లైవ్, ఇంకొన్ని

ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుని మళ్ళీ అక్కణ్ణుంచే మొదలవ్వాలి

లోకల్‌స్టోరేజ్‌లో ఫైల్ పేరుని కీగా పెట్టి కరెంట్‌టైమ్ దాచండి, ఐదు సెకన్లకోసారి, పాజ్ అయినప్పుడు, విజిబిలిటీచేంజ్‌లో పేజీ కనబడకుండా పోయినప్పుడు. బిఫోర్‌అన్‌లోడ్‌ని నమ్ముకోకండి, ఫోన్‌లో యాప్‌ని పైకి తోసేస్తే అది రాకపోవచ్చు. మొదటి పది సెకన్లలోనే ఆపేస్తే దాచకండి, చివరి అర నిమిషంలో ఆపితే చెరిపేయండి, లేకపోతే మళ్ళీ తెరిచినప్పుడు మంగళహారతితో మొదలవుతుంది. నేను తిరిగి మొదలుపెట్టేటప్పుడు మూడు సెకన్లు వెనక్కి వేస్తా, వాక్యం మధ్యలో అందుకుంటే వినేవాళ్ళకి తిక్కగా ఉంటుంది.

కరెంట్‌టైమ్ పెట్టి ప్లే పిలిస్తే నాట్‌ఎలౌడ్ ఎర్రర్ వస్తోంది

జరపడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, శబ్దంతో ఆడించడానికి కావాలి. యూజర్ పేజీలో ఎక్కడా నొక్కకుండానే సౌండ్‌తో మొదలుపెడితే బ్రౌజర్లు అడ్డుకుంటాయి, క్రోమ్ 2018 నుంచి గట్టిగా అడ్డుకుంటోంది. ప్లే ఒక ప్రామిస్ ఇస్తుంది, దాన్ని క్యాచ్ చేసి “ఇక్కణ్ణుంచి వినండి” అని బటన్ చూపించండి. మ్యూట్‌లో అయితే మొదలవుతుంది.

లాక్ స్క్రీన్ మీద కూడా బార్ జరిగేలా చెయ్యొచ్చా?

మీడియా సెషన్ ఏపీఐ. సీక్‌టూ, సీక్‌బ్యాక్‌వర్డ్, సీక్‌ఫార్వర్డ్ అనే యాక్షన్లకి హ్యాండ్లర్లు పెట్టి వాటిలో కరెంట్‌టైమ్ మార్చండి. బార్ సరిగ్గా కనబడాలంటే సెట్‌పొజిషన్‌స్టేట్‌కి నిడివి, వేగం, చోటు మూడూ ఇవ్వాలి, సీక్ అయినప్పుడు, వేగం మారినప్పుడు ఇస్తే చాలు, మధ్యలో అదే లెక్కేసుకుంటుంది. నిడివి నాన్‌గా ఉన్నప్పుడు ఇస్తే ఎర్రర్ వస్తుంది.

యూట్యూబ్ వీడియో పెట్టా, వీడియో ట్యాగ్ దొరకట్లేదు, కరెంట్‌టైమ్ ఎలా మార్చాలి?

అది వేరే సైట్ ఐఫ్రేమ్, లోపలికి మీ కోడ్ తొంగిచూడలేదు. వాళ్ళ ఐఫ్రేమ్ ప్లేయర్ ఏపీఐ పెట్టుకుని సీక్‌టూ పిలవండి. దానికి రెండో ఆర్గ్యుమెంట్ ఒకటుంది, బార్ లాగుతున్నంతసేపూ ఫాల్స్, వదిలాక ట్రూ ఇవ్వమని వాళ్ళే చెప్తారు. టైమ్‌అప్‌డేట్ లాంటిది లేదు, పావు సెకనుకోసారి గెట్‌కరెంట్‌టైమ్ అడుగుతూ ఉండాలి. మొదలయ్యే చోటు ఒక్కటే కావాలంటే ఎంబెడ్ అడ్రస్‌లో స్టార్ట్ ఈక్వల్ 90 చాలు, పూర్తి సెకన్లే ఇవ్వాలి.

లైవ్‌లో వెనక్కెళ్ళినవాళ్ళని మళ్ళీ లైవ్‌కి తెచ్చే బటన్ ఎలా?

లైవ్‌లో డ్యూరేషన్‌ని పట్టుకోకండి, సీకబుల్ చూడండి. దాని చివరి ముక్క ఎండే లైవ్ అంచు, మొదటి ముక్క స్టార్ట్ ఎంత వెనక్కి పోవచ్చో చెప్తుంది. సరిగ్గా అంచు మీదకి దూకితే అక్కడ ఇంకా డేటా ఉండదు, గుండ్రం తిరుగుతూ ఉంటుంది, కొన్ని సెకన్లు వెనక ఆగండి. హెచ్‌ఎల్‌ఎస్ జేఎస్ వాడుతుంటే లైవ్‌సింక్‌పొజిషన్‌లో ఆ లెక్క వేసే ఉంటుంది.

ఒక్కో ఫ్రేమ్ జరపాలి, కానీ ఒక్కోసారి అదే ఫ్రేమ్ మళ్ళీ వస్తోంది

బ్రౌజర్‌కి ఫ్రేమ్ నంబర్ అనే లెక్కే లేదు, అంతా సెకన్లే, ఎఫ్‌పీఎస్ ఎంతో కూడా అది చెప్పదు, మీకే తెలిసుండాలి. 25 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేమ్ 0.04 సెకన్లు. సరిగ్గా రెండు ఫ్రేముల సరిహద్దు మీద దింపితే దశాంశాల తేడాకి అటో ఇటో పడుతుంది, అందుకని అర ఫ్రేమ్ కలిపి మధ్యలో దింపండి. 100వ ఫ్రేమ్ (సున్నా నుంచి లెక్కపెడితే) కావాలంటే 100.5ని 25తో భాగిస్తే 4.02. అన్నట్టు 29.97 అనేది నిజానికి 30000 భాగించు 1001, పొడవాటి వీడియోలో 30 అని లెక్కేస్తే కొట్టుకుపోతారు. తెర మీద ఏ ఫ్రేమ్ ఉందో నిక్కచ్చిగా తెలియాలంటే రిక్వెస్ట్‌వీడియోఫ్రేమ్‌కాల్‌బ్యాక్ ఇచ్చే మీడియాటైమ్ చూడండి.

క్వాలిటీ 480 నుంచి 720కి మారిస్తే మొదటికి వచ్చేస్తోంది, స్పీడ్ కూడా పోతోంది

ఎస్‌ఆర్‌సీ మారిస్తే బ్రౌజర్ దృష్టిలో అది కొత్త వీడియో. మార్చేముందు కరెంట్‌టైమ్, పాజ్‌లో ఉందో లేదో, ప్లేబ్యాక్‌రేట్ మూడూ దాచుకుని, లోడెడ్‌మెటాడేటా వచ్చాక మూడూ తిరిగి పెట్టండి. స్పీడ్ పోవడానికి కారణం, కొత్త ఫైల్ లోడ్ అయినప్పుడల్లా ప్లేబ్యాక్‌రేట్ డిఫాల్ట్‌ప్లేబ్యాక్‌రేట్‌కి తిరిగిపోతుంది.

చూడని భాగాన్ని స్టూడెంట్లు దూకించకుండా ఆపొచ్చా?

కొంతవరకు. ఇప్పటిదాకా చూసిన అత్యధిక టైమ్ ఒక వేరియబుల్‌లో ఉంచుకుని, సీకింగ్ ఈవెంట్‌లో దాన్ని దాటితే వెనక్కి తెచ్చేయండి. నిజంగా ఏ ముక్కలు ఆడాయో ప్లేడ్ ప్రాపర్టీలో ఉంటుంది, పేజీ రీలోడ్ చేస్తే అది పోతుంది కాబట్టి సర్వర్‌కి అప్పుడప్పుడు పంపుకోవాలి. కానీ కన్సోల్ తెరిచేవాడిని ఇవేవీ ఆపలేవు, పైగా ఒకసారి అర్థమైన చోటుని దాటి పోదామనుకున్న బుద్ధిమంతుడికి చిరాకు, నా మటుకు నాకిది ఇష్టం లేదు. ఒక కోర్సు సైట్ వాళ్ళు పట్టుబట్టి చేయించుకున్నారు, మొదటి రోజే ఒక పిల్లాడు క్రోమ్‌లో ప్లేబ్యాక్‌రేట్‌ని అది ఒప్పుకునే 16కి పెట్టి గంట క్లాసుని నాలుగు నిమిషాల్లోపు “పూర్తిగా” చూసేశాడు. రేట్‌చేంజ్‌లో 2 దాటితే దించే లైన్ ఆ సాయంత్రం కలిపా.